గగనచారులకు అభయదానము

త్రిలోకవంద్యుడైన వర్ధమాన మహావీరస్వామికి నమస్కరించి, చైత్ర మాసమున శ్రావక శ్రావికలు మననము చేయదగిన విషయమొకటి ఇచట విచారింపబడుచున్నది.

చైత్ర శుక్ల త్రయోదశి భగవానుని జన్మకల్యాణక దినము. ఆ దినములలో చెన్నపురి యందలి జైన మందిరములు స్తోత్రములతో, పూజలతో, దానధర్మములతో కళకళలాడుచుండును. షావుకారుపేట వీధులలో ఊరేగింపులు సాగును. ఆయంబిల తపస్సు పట్టినవారు నేయి, పాలు, బెల్లము విడిచి, రుచిలేని అన్నమును దినమున కొక్కసారి భుజించుచుందురు. సరిగా అదే కాలమున నగరమునకు దక్షిణ దిక్కున మరియొక సమూహము ప్రయాణమునకు సిద్ధమగుచుండును. దానికి రథము లేదు, మేళము లేదు, చేత మూట లేదు. కార్తీకమునకు అటు ఇటుగా వచ్చి, చలికాలమంతయు ఇచట నిలిచి, వసంతము రాగానే ఉత్తర దిక్కునకు పయనమగు వలస పక్షుల సమూహమది.

ఈ పక్షులకును శ్రావక ధర్మమునకును సంబంధమేమి యని కొందరు ప్రశ్నింపవచ్చును. మిక్కిలి దగ్గర సంబంధమే కలదు. పక్షులకు గింజలు చల్లుటయే జీవదయ యని తలచు గృహస్థుడు, ఆ గింజలకంటె ముందుగా చేయవలసిన కర్తవ్యమొకటి ఆగమములలో చెప్పబడియున్నది. అది తెలియవలెనన్న, ముందు ఆ అతిథులను చూడవలెను. తరువాత వారిని గూర్చి ఎరుగవలెను. పిమ్మట తెలిసినట్లు నడువవలెను. దర్శన జ్ఞాన చారిత్రములు మూడును కలిసినగాని మోక్షమార్గము కాదని పెద్దలు బోధించిరి. ఆ రత్నత్రయము ఆత్మవిషయమైనది. పక్షిని చూచుటయే సమ్యగ్దర్శన మనుట తగదు. అయినను చూచుట, ఎరుగుట, నడచుట అను ఆ క్రమము లోకవ్యవహారమునకును మేలైన క్రమమే.

చూచుట

చెన్నై ప్రాంతమునకు ఈశాన్య ఋతుపవనము ప్రాణాధారము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు వానలతో చెరువులు, బురదనేలలు నిండును. ఆ సమయముననే సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా దేశములలో నీరు గడ్డకట్టుట ఆరంభమగును. తిండి దొరకక అచటి పక్షులు దక్షిణమునకు దిగివచ్చును. వాటి రాకపోకల దారికి మధ్య ఆసియా పక్షిపథమని పేరు. ముప్పది దేశములు ఆ దారిలో చేరియున్నవి. ఆ పథమున దక్షిణపు మజిలీలలో ఒకటి చెన్నై.

నగరమునకు దక్షిణమున పళ్ళికరణై అను బురదనేల కలదు. ఒక ప్రక్క ఐ.టి. కార్యాలయముల అద్దాల మేడలు, మరియొక ప్రక్క వేళచ్చేరి నుండి తాంబరము పోవు రహదారి. నడుమ రెల్లు, తుంగ, లోతులేని నీరు. ఫాల్గుణ చైత్రములలో ఉదయముననే ఆ గట్టున నిలిచి చూచినవారికి వలస పక్షుల ప్రయాణ సన్నాహము కన్నులకు కట్టును. ముందుగా బాతులు కదలును. సన్నని తోకగల సూదితోక బాతులు, వెడల్పు ముక్కుతో నీటిని జల్లించు గరిటెముక్కు బాతులు నానాటికి తగ్గిపోవును. మొన్న వందలుగా కనిపించినచోట నిన్న పదులు, నేడు బోసినీరు.

తరువాత ఉల్లంకి జాతుల వంతు. చలికాలమంతయు బూడిదవన్నెలో నుండి, బురదలో ఒకదానిని మరియొకదానిని గుర్తుపట్టుటకు వీలుకాని ఈ చిన్న పిట్టలు, వసంతమున కొత్త యీకలు తొడుగుకొనును. వంకరముక్కు ఉల్లంకి ఎదభాగము మెల్లమెల్లగా ఇటుకరంగునకు తిరుగును. ప్లోవరు పిట్టకు వీపుమీద బంగారు చుక్కలు తేలి, పొట్ట నల్లబడును. సైబీరియా ఉత్తరపు టంచున మంచు కరగిన మైదానములలో గూడు కట్టి పిల్లల నెత్తుటకు వేసికొను పెండ్లి దుస్తులవి. ఏప్రిల్ నెలలో ఆ రంగు నిండిన పిట్టను చూచినవాడు, ఇక కొద్ది దినములలో అది ఇచట నుండదని తెలిసికొనవచ్చును.

నీటి పక్షులే కాదు. గిండీ వనమునందును, అడయారు దివ్యజ్ఞాన సమాజపు తోటలందును, ఎండుటాకుల మీద గెంతుచు పురుగుల నేరుకొను పొన్నంకి పిట్ట ఉండును. దాని ఒంటిమీద పచ్చ, నీలి, ఎరుపు, నలుపు మున్నగు రంగులెన్నియో కలవు. ఉదయము ఆరు గంటల ప్రాంతమునను, సాయంకాలము ఆరు గంటల ప్రాంతమునను కూయుట వలన తమిళులు దానిని ఆరుమణి కురువి యని ముద్దుగా పిలుతురు. అదియును వేసవి ముదిరిన కొలది మధ్యభారతపు అడవులకు, హిమాలయ పాదభూములకు తరలిపోవును. గుంపులు గుంపులుగా ఆకాశమున మెలికలు తిరుగు గులాబి గోరింకలు మధ్య ఆసియా పచ్చిక మైదానములకు మరలును.

నగరమునకు ఉత్తరమున పులికాట్ సరస్సు కలదు. మన దేశపు ఉప్పునీటి కయ్యలలో చిలుక తరువాత రెండవ పెద్దది. అధికభాగము ఆంధ్రదేశముననే యున్నది. సూళ్ళూరుపేట దారిన పోవు తెలుగువారు అచటి రాజహంసల బారులను చూచియే యుందురు. ఆ సమీపముననున్న నేలపట్టు చెరువున గూడబాతులు నీటిలో మొలచిన చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచి, పని ముగిసిన పిమ్మట చెదరిపోవును. 1976లో ఆ చెరువు పక్షుల రక్షిత ప్రదేశముగా ప్రకటింపబడినది.

చూచుటలోను ధర్మభేదము కలదని గ్రహింపవలెను. పందొమ్మిదవ శతాబ్దమున పక్షుల పేర్లు, జాతులు తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు వాటిని తుపాకితో కాల్చి, చర్మములను భద్రపరచెడివారు. నేడు 1978లో ఏర్పడిన మద్రాసు ప్రకృతి పరిశీలకుల సంఘము వంటి సంస్థలవారు బైనాక్యులరు, చిన్న పుస్తకము చేతబట్టి, ఏ పక్షి ఏ దినమున కనబడినది, ఎన్ని కనబడినవి అని వ్రాసికొందురు. ఒక్క యీక రాలకుండ జ్ఞానము లభించుచున్నది. హింస లేనిదే విద్య లేదనువారికి ఇది చక్కని సమాధానము.

ఎరుగుట

జైన శాస్త్రములు జీవులను ఇంద్రియముల సంఖ్యను బట్టి విభజించినవి. మట్టి, నీరు, అగ్ని, వాయువు, వనస్పతి శరీరములుగా గలవి ఏకేంద్రియములు. పురుగులు, చీమలు, తుమ్మెదలు రెండు, మూడు, నాలుగు ఇంద్రియములు గలవి. పక్షి పంచేంద్రియ తిర్యంచము. నీట చరించునది జలచరము, నేలపై చరించునది స్థలచరము, ఆకాశమున చరించునది ఖేచరము. ఖేచరములలో మరల చర్మపు రెక్కలు గల గబ్బిలము మొదలగునవి వేరు, ఈకల రెక్కలు గలవి వేరు అని ప్రాచీనులు ఎంతో సూక్ష్మముగా విభాగము చేసిరి. చూపు, వినికిడి, ఆకలి, భయము, పిల్లలపై మమకారము గల పంచేంద్రియ జీవమని తెలిసిన పిమ్మట, పక్షి విషయమున అజాగ్రత్తకు సాకు లేదు.

చిన్న ఉల్లంకి యను పిట్ట బరువు సుమారు 25 గ్రాములు. గుప్పెటలో ఇముడును. అట్టి ప్రాణి ధ్రువప్రాంతము సమీపమునుండి చెన్నై బురద వరకు వచ్చి, మరల అచటికి పోవును. ఉత్తరమున పగలు ఎంత పెరిగినదో ఇచట నుండి దానికి కనబడదు. కాని ఇచటి పగటి పొడవు మారుటను దాని శరీరమే గుర్తించును. అంతట అది ఎడతెగక తిని క్రొవ్వు కూడబెట్టుకొనును. ఆ క్రొవ్వే దారిబత్తెము. సూర్యుని, నక్షత్రములను, భూమి అయస్కాంత శక్తిని ఆధారముగా దారి తెలిసికొనును. చిన్న పక్షులలో అనేకము రాత్రివేళ ప్రయాణించును.

2022వ సంవత్సరము అక్టోబరులో గాడ్విట్ అను ఉల్లంకి జాతి పక్షి యొకటి అలాస్కానుండి ఆస్ట్రేలియా దేశపు టాస్మానియా దీవి వరకు 13,560 కిలోమీటర్లు, 11 దినములు, ఎచటను వాలక ఎగిరిన సంగతి దానికి తగిలించిన చిన్న యంత్రము వలన తెలిసినది. అది పుట్టి ఐదు నెలలే అయినది. ఈ జాతి పక్షులు బయలుదేరు ముందు తమ జీర్ణాంగములను సైతము కుదించుకొని బరువు తగ్గించుకొనునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అక్కరలేనిది ఒడలిలోనిదైనను దానిని మోయదు! ఇంటినిండ సామాను, బీరువానిండ పట్టాలు, మనస్సునిండ లెక్కలు పెట్టుకొని పరిగ్రహ పరిమాణ వ్రతమును గూర్చి ప్రసంగించు గృహస్థునకు ఈ చిన్న ప్రాణి మౌనముగా పాఠము చెప్పుచున్నది.

మునుల విహారమును ఇచట స్మరింపవచ్చును. వర్షాకాలమున నేలమీద సూక్ష్మజీవులు మెండుగా పుట్టును గనుక, వాటికి బాధ కలుగరాదని సాధువులు ఆషాఢము మొదలు చాతుర్మాస్యము ఒకేచోట నిలుతురు. కార్తీక పూర్ణిమ గడచిన పిమ్మట పాదచారులై విహరింతురు. రెండింటికిని పోలిక యుండియు గొప్ప భేదము కలదు. పక్షి తన ప్రాణమును నిలుపుకొనుటకు కదలును, ఆగును. ముని ఇతర ప్రాణులను నిలుపుటకు ఆగును, కదలును. పక్షికి అది స్వభావము. మునికి అది వివేకము. కాని ఇద్దరికిని ఒకటే అవసరము: దారిలో ఆగుటకు చోటు. మునికి ఉపాశ్రయము కట్టించి పుణ్యము గడించు సంఘము, పక్షికి ప్రకృతి కట్టియిచ్చిన ఉపాశ్రయమును పడగొట్టుట తగునా?

ఎన్నివేల క్రోసుల దారి అయినను మజిలీల గొలుసు వంటిది. ఒక్క లంకె తెగినను గొలుసంతయు వ్యర్థమగును. సైబీరియా తెల్లకొంగలు ఒకప్పుడు ప్రతి శీతకాలము రాజస్థానమునందలి భరత్‌పూరుకు వచ్చెడివి. దారిలో వేట, చిత్తడినేలల నాశనము వలన వాటి సంఖ్య తగ్గుచు వచ్చినది. 2002వ సంవత్సరము తరువాత అవి అచట కనబడలేదు. భరత్‌పూరు చెరువులు ఉన్నవి, కాపలా ఉన్నది, చూచువారు ఉన్నారు. అతిథి మాత్రము రాలేదు.

చోటు ఇచ్చుట ఎంత గొప్ప దానమో జ్ఞాతాధర్మకథలోని మేఘకుమారుని పూర్వజన్మ వృత్తాంతము తెలుపుచున్నది. శ్రేణిక మహారాజు కుమారుడైన మేఘుడు దీక్ష పుచ్చుకొనిన తొలిరాత్రి, ద్వారము చెంత పడక దొరకినందున, రాకపోకలు చేయు మునుల పాదములు తగిలి నిదుర పట్టలేదు. తెల్లవారిన పిమ్మట ఇల్లు చేరుదునని నిశ్చయించుకొనెను. భగవానుడు అతని మనస్సు నెరిగి పూర్వజన్మమును గుర్తుచేసెను. ఆ జన్మలో అతడు అడవి ఏనుగు. కార్చిచ్చులకు భయపడి, తన మందకై విశాలమైన చోటు చదునుచేసి, గడ్డిపరక లేకుండ ఉంచుకొనెను. చిచ్చు పుట్టినపుడు అడవిలోని జంతువులన్నియు అచటికే పరుగెత్తివచ్చి కిక్కిరిసి నిలిచినవి. ఏనుగు ఒడలు గోకికొనుటకు ఒక కాలెత్తెను. ఆ ఖాళీ అయిన అడుగుచోటున ఒక కుందేలు వచ్చి నిలిచెను. కాలు దించినచో కుందేలు నలిగిపోవును. రెండున్నర దినములు, చిచ్చు ఆరువరకు, ఏనుగు ఎత్తిన కాలు దింపలేదు. తరువాత దింపబోగా కాలు కొయ్యబారి, నేలకూలి, కొలది దినములకు మరణించి, ఆ దయాఫలమున రాజకుమారుడై పుట్టెను.

ఆ ఏనుగు కుందేలునకు ఆహార మీయలేదు, మందు వేయలేదు. అది ఇచ్చినది ఒక్క అడుగు చోటు. అందులో తన కాలు మోపకుండుటయే దాని దానము. అభయదానమునకు అంతకంటె స్పష్టమైన నిర్వచనము దొరకదు.

నడచుట

ఇక ఆచరణ. శ్రావకుని తొలి అణువ్రతము స్థూలహింసను విడుచుట. ఆ వ్రతమునకు అతిచారములు ఐదు చెప్పబడినవి: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాన నిరోధము. అనగా కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు వేయుట, తిండినీరు అడ్డగించుట. వీనిలో మొదటిదియు చివరిదియు పక్షుల విషయమున ప్రత్యేకముగా ఆలోచింపదగినవి.

పర్వదినములలో పంజరపు పక్షులను కొని విడిచిపెట్టు ఆచారము కొందరిలో కలదు. విడుచువాని మనస్సు మంచిదే. కాని ఆ పక్షి పంజరములోనికి ఎట్లు వచ్చినది? ఎవరో వల పన్ని పట్టిరి. కొనువాడున్నాడు గనుకనే పట్టువాడున్నాడు. పది పక్షులను విడిపించుటకిచ్చిన సొమ్ము మరి ఇరువదింటిని పట్టుటకు పెట్టుబడియగును. దారిలో చచ్చినవాటి లెక్క ఎవరికిని తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు అడవి పక్షులను పట్టుట, అమ్ముట నేరము. కనుక ఆ సొమ్ముతో గాయపడిన పక్షులకు చికిత్స చేయించుట మేలు. ఢిల్లీలో ఎర్రకోట యెదుట లాల్ మందిరపు ఆవరణలో జైనులు నడుపుచున్న పక్షుల ఆసుపత్రి ఇందుకు ఆదర్శము.

అన్నపాన నిరోధ మనగానే, గోవునకు గడ్డి వేయకుండుట, సేవకునికి వేళకు అన్నము పెట్టకుండుట అని తోచును. ఆరువేల కిలోమీటర్లు ఎగిరివచ్చిన పక్షి దిగవలసిన నీటిలో మట్టి పోసి పూడ్చుట అన్నపాన నిరోధము కాదా? ఈ వలస పక్షులకు గుప్పెడు జొన్నలు చల్లిన ప్రయోజనము లేదు. ఉల్లంకికి బురద కావలెను, రాజహంసకు లోతులేని నీరు కావలెను, బాతునకు నీటిమొక్క కావలెను. వాటికి అన్నదాన మనగా చెరువును చెరువుగా ఉండనిచ్చుటయే.

ఆగమములు ఈ విషయమును ఊహకు విడిచిపెట్టలేదు. ఉపాసకదశలో భగవానుడు ఆనంద శ్రావకునకు వ్రతములను, వాటి అతిచారములను వివరించెను. ఆనందుడు భిక్షుకుడు కాడు. కోట్లకు పడగెత్తిన వర్తకుడు. అతనికి చెప్పినవానిలో పదునైదు కర్మాదానములు కలవు, అనగా గృహస్థుడు జీవనోపాధిగా చేయరాని వృత్తులు. బొగ్గు కాల్చుట, అడవి నరికించుట, దంతముల వ్యాపారము, విషముల వ్యాపారము, అడవికి నిప్పు పెట్టుట మున్నగు వాటితోపాటు ఒకటి కలదు: సరస్సులు, మడుగులు, చెరువులు ఎండగట్టుట. దీనికి సరశ్శోషణ కర్మమని పేరు. పండ్రెండవ శతాబ్దమున హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున మరల ఈ పట్టికనే చెప్పిరి. వేల సంవత్సరముల క్రిందట వర్తకునకు చేసిన ఈ హెచ్చరిక నేటి చెన్నై వర్తకునకు చేసినట్లే యున్నది.

పళ్ళికరణై బురదనేల ఒకప్పుడు ఐదువేల హెక్టారులకు పైగా వ్యాపించియుండెనని చెప్పుదురు. 2022లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా నమోదైనది సుమారు 1,247 హెక్టారులు. తక్కినది రోడ్లు, మేడలు, కార్యాలయములు, చెత్తకుప్ప క్రింద చేరినది. పెరుంగుడి యొద్ద దశాబ్దముల తరబడి నగరపు చెత్త ఈ బురదలోనే పోయబడినది. ఇటీవలి సంవత్సరములలో దానిని త్రవ్వి తొలగించు పని చేపట్టబడినది. దక్షిణ చెన్నైలో సుమారు 250 చదరపు కిలోమీటర్ల నేలమీద పడిన వాననీరు ఈ పల్లమునకు చేరి, ఒక్కియం మడువు అను కాలువ ద్వారా బకింగ్‌హామ్ కాలువలో కలిసి, కోవళము యొద్ద సముద్రమును చేరును. నీరు నిలుచు చోటున మనుజుడు నిలిచెను. అందుచేత నీరు మనుజుని ఇంట నిలిచెను. 2015 డిసెంబరు వరదలలో వేళచ్చేరి మున్నగు పల్లపు పేటల వారు అనుభవించినది ఇదే. నాలుగేండ్లకు, 2019 వేసవిలో, నగరపు జలాశయములు అడుగంటి బిందెడు నీటికై ప్రజలు లారీల వెంట పరుగెత్తిరి. 2023 డిసెంబరున మిచౌంగ్ తుపాను వరదలో ఎన్నూరు కయ్యలో చమురు తెట్టె పరచుకొని, గూడబాతుల తెల్లని ఈకలు నల్లబడెను. జాలరుల వలలును నల్లబడెను. పక్షికి చేసిన అపకారము పక్షితో ఆగదని ఇంతకంటె వేరే నిదర్శనము అక్కరలేదు.

ఇచట ఒక శంక పుట్టవచ్చును. “ఆ పక్షులు చేపలను, పురుగులను తినును గదా! వాటి చెరువును కాపాడిన హింసకు తోడ్పడినట్లు కాదా?” సమాధానము: హింస మూడు విధములుగా అంటుకొనును. స్వయముగా చేయుట కృతము, చేయించుట కారితము, మెచ్చుకొనుట అనుమోదనము. తిర్యంచములు తమ కర్మానుసారముగా జీవించుచుండ, వాటి జోలికి పోకుండుటలో ఈ మూడింటిలో ఒకటియు లేదు. చెరువును పూడ్చుటలోనో, మూడును కలవు. లారీతో మట్టి తోలువాడు చేయుచున్నాడు. సొమ్మిచ్చి తోలించువాడు చేయించుచున్నాడు. ప్రక్కన తాను కొనిన స్థలమునకు ధర పెరిగినదని లోలోపల సంతసించువాడు అనుమోదించుచున్నాడు. నీటి యందలి ఏకేంద్రియములు మొదలు పంచేంద్రియములవరకు అన్నియు ఒక్కపెట్టున నశించు పని యది. పక్షి ఆకలికొలది తినును. పూడ్చినవాడు అన్నింటిని ఒకేసారి చంపును.

“ఇది ప్రభుత్వము చేయవలసిన పని, గృహస్థుడేమి చేయగలడు?” అను మాటయు వినబడును. చెన్నైకి దక్షిణమున సుమారు 75 కిలోమీటర్ల దూరములో నున్న వేదంతాంగల్ గ్రామ రైతులు దీనికి రెండువందల యేండ్ల క్రిందటనే జవాబు చెప్పిరి. తమ చెరువులోని కొంగలను తెల్లసిపాయిలు కాల్చగా, ఆ రైతులు చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేసు కడకు పోయి మొరపెట్టుకొనిరి. 1798లో పక్షులను ఎవరును బాధింపరాదని ఆయన వారికి కౌలు వ్రాసియిచ్చెను. 1858లో ఆ హక్కు మరల ధ్రువపరుపబడినది. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలములకు ఎరువగుననియు వారెరుగుదురు. దయయు లాభమును ఒకే గట్టున నిలిచినవి. ఆ చెరువును 2022లో రామ్‌సర్ పట్టికలో చేరినది.

శివగంగ జిల్లా కొల్లుకుడిపట్టి గ్రామస్థులు గూళ్ళలోని పిల్లలు బెదరునని దీపావళికి బాణసంచా కాల్చుట మానుకొనిరి. దీపావళి మహావీరస్వామి నిర్వాణ దినము. ఆ దినమున ఆ గ్రామమున వెలుగు కలదు, పేలుడు లేదు. నాగాలాండులోని పాంగ్తి గ్రామమున 2012లో వలలు పన్ని లక్షకు పైగా అముర్ డేగలను చంపిరని వెల్లడి కాగా, ఆ మరుసటి యేడే ఆ గ్రామస్థులు వేట మాని, వాటికి కావలి కాచిరి. వేటగాండ్రు ఒక్క సంవత్సరములో మారగలిగిరి. రాజస్థానమున ఫలోదీ చెంతనున్న ఖీచన్ గ్రామమున జైనులు ముందు నిలిచి, చలికాలమున వేలకొలదిగ వచ్చు కురజ కొంగలకు ప్రత్యేకమైన ఆవరణలో గింజలు పోయుచు వచ్చిరి. వసంతారంభమున అవి మంగోలియా దిక్కునకు లేచిపోవును. ఆ గ్రామపు చెరువులు 2025లో రామ్‌సర్ పట్టికకెక్కినవి. అచట గింజలతోపాటు చెరువులును నిలిచినవని మరువరాదు.

కావున శ్రావకుడు ఈ క్రింది నియమములను తన శక్తికొలది పట్టవలెను. స్థలము కొనునపుడు, ఇల్లు కొనునపుడు, అది పూర్వము ఏరి పోరంబోకు కాదని, చెరువు గర్భము కాదని, నీటిదారి కాదని పాత పత్రములు చూచి తెలిసికొనవలెను; ధర చౌకయని కన్ను మూసికొనరాదు. అట్టి వ్యాపారమున పాలు పెట్టరాదు. పాలు పెట్టినవానికి గౌరవాసనము వేయరాదు. తన యింటి, తన దుకాణపు చెత్త నీటిలో చేరకుండ చూచుకొనవలెను. వలస కాలమైన ఫాల్గుణ చైత్రములలోను, ఆశ్వయుజ కార్తీకములలోను రాత్రి అనవసరపు దీపములు ఆర్పవలెను. ఎత్తైన మేడల వెలుగునకు రాత్రి ప్రయాణించు పక్షులు దారితప్పి అద్దములకు కొట్టుకొనును. అలసిన పొన్నంకి పిట్ట వంటిది ఇంటిలో పడినచో, గాలి ఆడు అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, నోటిలో బలవంతముగా నీరు పోయక, అటవీశాఖ వారికి తెలుపవలెను. ఎండ ముదిరిన దినములలో మిద్దెపై మూకుడుతో నీరుంచి, ప్రతి దినము మార్చవలెను. పిల్లలను ఏడాదికొకసారియైన పళ్ళికరణై గట్టునకో, నేలపట్టు చెరువునకో తీసికొనిపోయి చూపవలెను. చూడనిదానిపై దయ పుట్టదు.

ఈ నియమములలో ధనము ఖర్చగునవి కొద్ది. లాభము వదలుకొనవలసినవి ఎక్కువ. కష్టమంతయు అందులోనే యున్నది. పదివేల రూపాయల గింజలు దానమిచ్చుట సులభము. పది లక్షలు వచ్చు చెరువు స్థలమును వలదనుట కష్టము. మొదటిదానికి ఫలకము మీద పేరు చెక్కుదురు. రెండవది ఎవరికిని తెలియదు. అయినను కర్మనిర్జర ఫలకము చూచి జరుగదు. ఎత్తిన కాలు దింపని ఏనుగును ఆ అడవిలో పొగడినవారు లేరు. కుందేలు సైతము చిచ్చు ఆరగానే తన దారిన పోయినది.

వైశాఖము వచ్చుసరికి చెన్నై బురదనేలలలో వలస పక్షులు చాలవరకు వెళ్ళిపోవును. అవి మరల వచ్చుటకు ఆరు నెలల గడువు కలదు. ఆ ఆరు నెలలలో ఏ లారీ మట్టి ఎచట పడునో, ఏ పత్రముమీద ఎవరి సంతకము పడునో, దానిని బట్టి కార్తీకమున వాటికి నిలుచు చోటు ఉండుటయు లేకుండుటయు తేలును. జీవములు ఒండొంటికి ఉపకరించుటకే యున్నవని ఆచార్యులు బోధించిరి. ఆ బోధ చెన్నపురి శ్రావకుల వ్యాపారములందును, ఇండ్లయందును, మనస్సులందును స్థిరపడుగాక. ఖేచరులకు క్షేమమగుగాక. సర్వజీవులకు శాంతి కలుగుగాక.